ఊకొట్టువారు లేని కథ



గ్రంథము వ్రాయుట కష్టమని చెప్పువారు లోకమున పెక్కుమంది కలరు. సుఖమని చెప్పువారు మాత్రము అరుదు. వ్రాసి ముగించిన పిమ్మట సుఖమనువారు కొందరు, అచ్చుపడి చేతికి వచ్చిన దినమున సుఖమనువారు మరికొందరు. ఇది వంటయంతయు విసుగుకొనుచు చేసి, వడ్డించువేళ మాత్రము నవ్వుట వంటిది. వ్రాయుచున్న గంటలోనే సుఖము లేనిచో ఆ గ్రంథము ముగియుట కల్ల యని మా యభిప్రాయము. గృహిణుల విషయమున ఇది మరింత నిజము. కొలువునకై వ్రాయువానికి జీతము కలదు, పరీక్షకై వ్రాయువానికి పట్టము కలదు. పొయ్యి ఆర్పి, పిల్లలను నిద్రపుచ్చి, ఎవరును అడుగకయే దీపము ముందర కాగితము పరచుకొను స్త్రీకి ఆ కూర్చుండుటయే ఇష్టము కాకున్నచో, మరునాడు ఆమె ఏల కూర్చుండును?

ఈ ప్రసంగము ఇప్పుడు మేమెత్తుకొనుటకు కారణము ఒక సోదరి వ్రాసిన జాబు. ఆమె పుట్టినిల్లు గోదావరి దిగువన వేలేరుపాడు ప్రాంతము. 2014వ సంవత్సరమున ఖమ్మము జిల్లానుండి తీసి ఆంధ్రప్రదేశమున చేర్చిన మండలములలో అది యొకటి. పోలవరము జలాశయపు ముంపులోనికి వచ్చు పల్లెలలో ఆమె పుట్టిన యూరును ఉన్నది. బంధువులు పునరావాస కాలనీకి చేరిరి. ఊరిని గూర్చి ఒక పుస్తకము వ్రాయవలెనని ఆమె రెండేండ్ల క్రిందట పూనుకొని, అరువది పుటలు వ్రాసి, ఆగిపోయినది. ఇప్పుడు ఆ నోటుపుస్తకము కంటబడిననే మనసు బరువెక్కుచున్నదట. పైగా ఆమె యింకొక ప్రశ్న కూడ వేసినది: మునిగిపోవు ఊరిని గూర్చి వ్రాయుచు అందులో సంతోషమును కోరుట తప్పు కాదా?

ఈ రెండవ ప్రశ్నయే పెద్దది. దానికి తరువాత వత్తుము. మొదట ఆ బరువు ఎక్కడనుండి వచ్చుచున్నదో చూతము.

ఆమె జాబులోనే దాని జాడ కనబడుచున్నది. "మొదటి అధ్యాయము భౌగోళికము, రెండవది చరిత్ర, మూడవది ఆచారములు" అని విభాగించుకొని వరుసగా వ్రాయుచున్నదట. ఎవరి కొరకు? ఆ మాట జాబులో ఎచ్చటను లేదు. ఎవరికో తెలియని అచ్చుపుస్తకపు చదువరికి, ముఖము లేనివానికి ఆమె తన యూరిని చెప్పుకొనుచున్నది. బరువు వ్రాతలో లేదు, వినువారు లేకపోవుటలో ఉన్నది. కథ చెప్పునపుడు ఊకొట్టువారు లేకున్న ఎంతటి కథకురాలికైనను నాలుగు మాటలకే గొంతు ఎండును.

మన పెద్దల గ్రంథములను ఒకమారు తలచుకొనుడు. భారతమును వైశంపాయనుడు జనమేజయునకు చెప్పెను. దానినే సూతుడు నైమిశారణ్యమున శౌనకాది మునులకు చెప్పెను. యుద్ధపు కథను సంజయుడు ధృతరాష్ట్రునకు చెప్పెను. భాగవతమును శుకుడు పరీక్షిత్తునకు చెప్పెను. ఆ వినువానికి ఆయువు ఏడు దినములే మిగిలియున్నది. అయినను "తరువాత నేమయ్యె" నని అతడు అడుగుచునే యుండెను. ఊరక గాలిలోనికి చెప్పిన పురాణము ఒక్కటియు మాకు గుర్తు రాలేదు. ప్రతి కథకును ఒక అడుగువాడు, ఒక చెప్పువాడు. పూర్వులకు కాగితము లేకపోవుటచే ఇట్లు చేసిరని కొందరందురు. కాగితము దొరకినది కదా యని మనము వినువానిని పోగొట్టుకొంటిమని మేమందుము.

వ్యాసుడు భారతము చెప్పగా గణపతి వ్రాసిన కథ మీకు తెలిసినదే. నడుమ ఆగకుండ చెప్పినగాని వ్రాయనని గణపతి, అర్థము గ్రహింపక ముందుకు సాగరాదని వ్యాసుడు నియమము పెట్టుకొనిరట. ఇద్దరును ఒకరినొకరు పరుగెత్తించుకొనిరి. ఆ పని ఆటవలె సాగినదే కాని దండనగా సాగలేదు. తెలుగున తిక్కన సోమయాజికి కుమ్మరి గురునాథుడను లేఖకుడు ఉండెనని చెప్పుదురు. ఒకచోట పద్యము ముగియక, ఏమి చెప్పుదునని సోమయాజి లేఖకుని పేరు పెట్టి పిలిచెనట. గురునాథుడు ఆ పిలుపునే పద్యములో చేర్చి వ్రాసికొని తల యెత్తి చూచెనట. ఆ సంబోధన ధృతరాష్ట్రునకు సంజయుడు చెప్పు కురునాథ శబ్దముగా సంధిలో చక్కగా ఒదిగిపోయినది. చరిత్రకారులు దీనిని కట్టుకథ యన్నను అనవచ్చును. మాకు అందులోని ముచ్చట ముఖ్యము: పదునైదు పర్వములను తెనిగించిన మహాకవికి మాట తోచనినాడు ఎదురుగా ఒక మనిషి కూర్చుండియుండెను.

మన యిండ్లలో గురునాథులెవరు? కొందరు సోదరీమణులు వెంటనే భర్తను తలచుకొందురు. మేమంత త్వరపడము. మావారు బడిపంతులు. మేము వ్రాసిన పుట చేతికిచ్చినచో, చదువకముందే ఆయన కన్ను ఒత్తులమీదికిని దీర్ఘములమీదికిని పోవును. అది ఆయన వృత్తిధర్మము, మెచ్చుకొనదగినదే. గ్రంథము ముగిసిన పిమ్మట ఆ కన్ను మనకు కావలెను. కాని వ్రాయుచున్న దినములలో దిద్దువారు వేరు, ఊకొట్టువారు వేరు. ఈ భేదము తెలియక తమ మొదటి పుటలను దిద్దువారి చేతికిచ్చి, రెండవనాటినుండి కలము ముట్టనివారిని మేమెరుగుదుము.

మా యింట ఊకొట్టునది మా చిన్నమ్మాయి. తొమ్మిదేండ్లది. ఈ మణుగూరు బొగ్గుగనుల పట్టణము కాకమునుపు ఈ చుట్టుపట్ల ముసలమ్మలు చెప్పుకొనిన కథలను మేము కొన్నాళ్లుగా కూర్చుచున్నాము. ఆనాడు వ్రాసిన పుటను రాత్రి పడకలో దానికి చదివి వినిపింతుము. అది "ఊ" అనుచుండును. ఎచ్చట "ఊ" ఆగునో అచ్చట మా వ్రాత పలుచబడినదని లెక్క. అది నిద్రపోయినదో, కథయే నిద్రపోయినదో అని మావారు పరిహాసమాడుదురు. మాకు మాత్రము ఆ పరీక్షకంటె సంతోషకరమైనది లేదు. మధ్యాహ్నము వ్రాయుచుండగనే "ఈ చోట అది లేచి కూర్చుండును" అని మాకు తెలిసిపోవును, కలము దానంతటది పరుగెత్తును.

ఒకనాడు చింతపండు తెచ్చి అమ్ము కోయ ముదుసలి యొకతె మా వాకిట కూర్చుండగా, ఇప్పపూల పుటను ఆమెకు చదివితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. పిదప, "పంతులమ్మా, పువ్వు రాల్తాంటే సప్పుడైతది, అది రాయలేదేమి?" అని, తెల్లవారకముందు చెట్టుక్రింద నిలిచి, రాలిన పూవులను తట్టలో ఏరుకొనునప్పటి ముచ్చటలు నాలుగు చెప్పినది. పొద్దెక్కినచో పశువులును ఎలుగులును తినిపోవునట. ఏ గ్రంథాలయము ఆ చప్పుడును మాకు ఇచ్చియుండును? వినువారు వినుటతో ఊరకుండరు. వారే మరునాటి పుటను ఇచ్చిపోవుదురు.

ఎదుట మనిషి లేనినాడు మనసులో నిలుపుకొనవలెను. దీనికి దూరము పోనక్కరలేదు. మాకు ఏటి కావలి యొడ్డునున్న భద్రాచలమును చూడుడు. పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న, సర్కారు పైకముతో ఆలయము కట్టించెనని గోలకొండ చెరలో పండ్రెండేండ్లుండెనని ప్రతీతి. ఆయన కీర్తనలలో మాకు ఎల్లప్పుడును నవ్వు పుట్టించునది ఆ లెక్క యప్పగింత. ఏ నగకు ఎంత సొమ్మైనదో శ్రీరామునికే వరుసగా చెప్పి, దెప్పి, మరుక్షణమే తప్పు క్షమింపుమని వేడుకొనును. చెరలోనున్నను తహసీలుదారు తహసీలుదారే! ఆ పాటలు నేటికిని నోటినుండి నోటికి వచ్చుచున్నవన్న, అవి ఒకరితో ఆడిన మాటలగుటచేతనే.

ఆయనదే యని చెప్పు దాశరథీ శతకమునుండి మనవంటివారికి పనికివచ్చు మరియొక యుపాయము కలదు. ప్రతి పద్యమును రాముని దయాసముద్రుడని పిలుచుటతో ముగియును. శతకము వ్రాయువానికి ప్రతి పద్యపు చివరి మాట ముందే చేతిలో ఉన్నది. ఇక నేడు చెప్పవలసిన మూడున్నర పాదములే పని. నేటి పద్యము నేటికి పూర్తి. రేపటి పద్యము నేటి దానిమీద ఆధారపడి నిలువదు. నూరు పూర్తియైననాడు గ్రంథము తనంతట తానే సిద్ధించినది. అధ్యాయములతో, పీఠికలతో పెద్ద సౌధమును కట్టబోయి పునాదిలోనే అలసిపోవువారు ఈ శతకపద్ధతిని పట్టి చూడవలెను. మన దినము తునకలు తునకలుగా నడచును. పాలవాడు వచ్చును, గనికి పోవువారికి క్యారేజి కట్టవలసియుండును, కుళాయి నీరు వచ్చును. తునకల దినమునకు తునకల గ్రంథమే తగినది.

జాబుల రూపమున గ్రంథము కట్టినవారు మన స్త్రీలలోనే కలరు. 1928లో మద్రాసున కేసరిగారు గృహలక్ష్మి పత్రికను స్థాపించిరి. అందులో శ్రీమతి కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారదలేఖలను వ్రాసిరి. శారద యను స్త్రీ కల్పలత యను నెచ్చెలికి జాబులు వ్రాయును, అంతే. శారదయు కల్పితమే, కల్పలతయు కల్పితమే. అయినను బాల్యవివాహముల శాసనమేమి, స్త్రీల ఆస్తిహక్కేమి, ఖద్దరేమి, సభలో ప్రసంగించుటకు బిడియపడదగిన పెద్ద విషయములను నెచ్చెలితో ముచ్చటించినట్లు చెప్పగలిగిరి. ఆ లేఖలు తరువాత పుస్తకముగా వెలువడినవి. అయిదారేండ్లు నెలనెలయు వ్రాయుటకు కల్పలత ముఖమే ఆమెను కూర్చుండబెట్టినదని మేము తలతుము.

ఇక దుఃఖపు ప్రశ్న. దీనికి భండారు అచ్చమాంబగారి జీవితముకంటె మంచి సమాధానము మాకు తెలియదు. ఆమె 1874లో కృష్ణా తీరపు సీమలో, నందిగామ చెంత పెనుగంచిప్రోలున జన్మించినది. బడికి పోయి చదివినది కాదు. చిన్నతనముననే వివాహమై, భర్త యుద్యోగమునుబట్టి తెలుగు మాటయే అరుదుగా వినబడు మధ్యపరగణాలకు పోయినది. తనకంటె మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువునకై అక్క యింట చేరగా, అతడు చదువుకొను పాఠములనే తానును చదివి, తెలుగేకాక హిందీ, మహారాష్ట్ర భాషలును నేర్చినది. కన్న బిడ్డలు పసితనముననే పోయిరి. ఆ యింటినుండి వెలువడినది అబలాసచ్చరిత్ర రత్నమాల. 1901లో అచ్చయిన ఆ గ్రంథమున మన దేశపు స్త్రీల చరిత్రలు కలవు. పురాణస్త్రీలను, పరదేశపు స్త్రీలను గూర్చి తరువాతి భాగములు వ్రాయవలెనని ఆమె సంకల్పము. అవి ముగియకమునుపే 1905లో, ముప్పదియొక్క యేండ్లయినను నిండకుండ, ఆమె కాలధర్మము నొందినది.

ఆమె ఆ గ్రంథమును ఏడ్చుచు వ్రాసినదో, నవ్వుచు వ్రాసినదో మనకేమి తెలియును? కాని బిడ్డలు లేని నిశ్శబ్దపు ఇంటిలో ఎందరో స్త్రీలను, రాణులను, విదుషీమణులను, వీరమాతలను, పేరుపేరున పిలిచి కూర్చుండబెట్టుకొన్నదని మాత్రము తెలియును. పక్కన ఊకొట్టుటకు అక్షరమెరిగిన తమ్ముడున్నాడు. ఇరువదియారు, ఇరువదియేడేండ్ల వయసున అంతటి గ్రంథము ఒక స్త్రీకి వట్టి కర్తవ్యబుద్ధిచే పూర్తియగునని మేము నమ్మజాలము. అందులో ఆమెకు ఏదో ప్రాణము దొరకియుండును.

మరియు ఆదికావ్యమెట్లు పుట్టినది? తమసాతీరమున క్రౌంచపక్షి నేలకూలినపుడు వాల్మీకి శోకమే శ్లోకమైనదని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. కాని ఒక చిన్న సంగతిని పెక్కుమంది గమనింపరు. అప్పుడు ఋషి ఒంటరిగా లేడు. శిష్యుడు భరద్వాజుడు నారచీరలు పట్టుకొని ప్రక్కన నిలిచియున్నాడు. నోటినుండి వెలువడిన దానిని శిష్యునకే చూపి చెప్పెను. శిష్యుడు సంతోషించి దానిని కంఠస్థము చేసెను. సంతోషించెనను మాట ఆదికవి తానే చెప్పినది. పక్షి చచ్చినచోట సంతోషమేమి అని ఎవరును ఆ బాలుని నిందింపలేదు. దుఃఖమునకు మాట దొరకుటలోని సంతోషమది. కరుణమును రసమనిరి కాని రోగమనలేదు.

మా పల్లెలలో చావింట స్త్రీలు శోకము పెట్టుట చూచితిరా? పోయినవారి మంచిని, మాటతీరును, తినిన తిండిని, తొడిగిన చీరరంగును ఒక్కొక్కటే రాగముతో చెప్పుదురు. చుట్టునున్నవారు "అవునమ్మా, అవును" అందురు. ఆ "అవును" లేకున్న ఆ గుండె పగులును. మునుగు ఊరికి కూడ అదియే పద్ధతి. కనుక వేలేరుపాడు సోదరి అడిగిన ప్రశ్నకు మా సమాధానము: సంతోషమును కోరుట తప్పు కాదు, కోరకుండుటయే ఊరికి చేటు. సంతోషము లేనిచో ఆమె అరువది పుటలవద్దనే ఆగును. అంతటితో రేవు పేరు, వేపచెట్టు క్రింది పంచాయితీ, ఏ యింట ఏ పండుగకు ఏ పిండివంట యను సంగతులు అన్నియు తెలిసిన ముసలివారితోకూడ పోవును. జలాశయము ఇండ్లను ముంచును. ఈ సంగతులను మాత్రము వ్రాయకుండుటయే ముంచును.

ఆమె చేయవలసినది కాలనీకి పోయి ఆ యూరి ముసలమ్మలనడుమ కూర్చుండుట. ఒకనాడు బావులమాట మాత్రమే యెత్తవలెను: ఊరిలో బావులెన్ని, ఏ బావినీరు పప్పునకు ఉడుకును, ఏది ఉడుకదు? గంట తిరుగకముందే నలుగురు కలహించుకొందురు. ఆ కలహమే పుట. మరియొకనాడు వరదలమాట. 1986 ఆగస్టున భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ఎవరు ఏ మిట్టకు ఎక్కిరి? 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఏ ఏ సామాను విడిచిరి? భౌగోళికము, చరిత్ర అని విభాగించినచో ఈ రెండును రెండు చోట్ల పడి చల్లబడును. మాటగా వ్రాసినచో ఒక్క యూపిరిలో నిలుచును.

వ్రాయవలసిన భాషను గూర్చి ఒక మాట. మేము గ్రాంథికమునకు అలవాటుపడితిమి, ఈ శీర్షికను చదువు మీరును అలవాటుపడితిరి. కాని ఊరి పుస్తకమును ఊరిమాటలలోనే వ్రాయుడు. ఆతుకూరి మొల్ల రామాయణము చేయుచు, చదివినవెంటనే అర్థము కాని కవిత్వము మూగచెవిటివారి ముచ్చట వంటిదని అవతారికలోనే త్రోసివేసినది. పెద్దమాటకై వెదకుచు కూర్చుండుట కూడ వ్రాతలోని సుఖమును తినివేయు పురుగులలో ఒకటి.

ఊకొట్టుటకు ఎవరును దొరకనివారి మాటేమి? వంగదేశమున రాససుందరీదేవి యను గృహిణి, స్త్రీ చదువుట పాపమనుకొను కాలమున, చైతన్యభాగవతపు ఆకు ఒకటి వంటయింట దాచుకొని, కొడుకు అక్షరములు దిద్దిన తాటియాకును పక్కన పెట్టుకొని పోల్చుకొనుచు చదువ నేర్చినది. ఆమె వ్రాసిన ఆత్మకథ 1876లో వెలువడినది. వంగభాషలో అది మొదటి స్వీయచరిత్ర యందురు. ఆమె వినిపించినది తన దైవమునకే. ఖమ్మమున చదువుకొన్న దాశరథి కృష్ణమాచార్యులు 1948 ప్రాంతమున నిజామాబాదు చెరలో పండ్లు తోముకొను బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాసెను. మా యూరి వీథులలో లారీలనుండి రాలిన బొగ్గుముక్క కనబడినపుడెల్ల మాకు ఆ గోడ గుర్తునకు వచ్చును. ఇంగ్లండున జేన్ ఆస్టెన్ అను నవలాకర్త్రి అందరును తిరుగు గదిలోనే చిన్న చిన్న కాగితములమీద వ్రాయుచు, ఎవరైన వచ్చునప్పుడు కిర్రుమను తలుపును బాగుచేయనీయలేదని ఆమె మేనల్లుడు వ్రాసియున్నాడు. పరులకు దాచిన ఆ కాగితములనే ఆమె ఇంటివారికి చదివి వినిపించెడిది. తలుపు కొందరికి, చెవి కొందరికి!

నేటి కాలమున చేతిఫోను కూడ ఒక విధమైన గురునాథుడే. తెలుగున చెప్పినచో తానే అక్షరములుగా మార్చి చూపును. చేతినొప్పి గలవారికిని, పొయ్యివద్ద నిలిచి చెప్పువారికిని మేలైనది. ఇప్పపువ్వు అన్న దానిని "ఇప్పుడు పువ్వు" అని వ్రాసి ఒకనాడు మా యింటిల్లిపాదిని నవ్వించినది. తలయెత్తి చూడదు, "తరువాత?" అనదు. లేఖకుడే కాని శ్రోత కాదు.

దినమునకిన్ని పుటలని లెక్కకట్టుకొనువారును కలరు. 1999లో అమెరికా దేశపు శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమున ఇరువది యొక్కరు స్నేహితులు కూడి, నెలదినములలో 50,000 మాటల నవల వ్రాయవలెనని పందెము వేసికొనిరి. అది ప్రతి నవంబరునను పెరిగి పెరిగి దేశదేశముల లక్షలమంది చేరు ఉత్సవమైనది. నడపుచుండిన సంస్థ 2025లో మూతపడినది. 50,000 అను అంకె వారిని వ్రాయించినదని లోకమనును. ఇరువది యొక్కరు ఒక బల్లచుట్టు కూర్చుండుటయే వ్రాయించినదని మా తలంపు. మీ వాడలో ముగ్గురు స్త్రీలు వారమునకొకనాడు చేరి ఒక్కొక్క పుట చదువుకొన్నను చాలును, అంకెలు అక్కరలేదు.

నిత్యము పనికివచ్చు రెండు సంగతులు చెప్పెదము. పాలకు తోడు వేయుట మీకెవరును నేర్పనక్కరలేదు. నేటి పెరుగంతయు తిని గిన్నె కడిగినచో రేపు తోడునకు పొరుగింటికి పోవలెను. వ్రాతయు అంతే. చెప్పవలసినదంతయు నేడే చెప్పివేయక, మంచి ముచ్చట నడుమ, తరువాత ఏమి వ్రాయవలెనో మనకు తెలిసియుండగనే, కలము మూయుడు. ఆ మిగిలిన గరిటెడు మాట రాత్రియంతయు లోపల తోడుకొనుచుండును. ఏమియు తోచక ఆగినచో మాత్రము గింజుకొనకుడు. గజేంద్రమోక్షమున వైకుంఠమును వర్ణింపబోయి మాట సాగక పోతన గంటము విడిచి లేచిపోయెనట. తిరిగి వచ్చుసరికి పద్యము పూర్తియై యున్నది. ఎవరు వ్రాసిరని అడుగగా కూతురు, "నీవే కదా నాయనా వచ్చి వ్రాసిపోతివి" అన్నదట. రాముడే తండ్రి రూపున వచ్చెనని భక్తులందురు. మాకు ఆ కథలో పోతన లేచిపోవుటయు నచ్చును. పప్పు రుబ్బుకొనుడు, ముగ్గు వేయుడు, నడచిరండు.

పోతన భాగవతము సంగతి వచ్చినది కనుక మరియొక మాట. ఆ గ్రంథమున కొన్ని భాగములు శిథిలమై పోగా, వెలిగందల నారయ, గంగన, ఏర్చూరి సింగన యనువారు పూరింపవలసివచ్చెను. మా ప్రాంతము అడవియంచు. చెదలు మూడునాళ్లలో పెట్టె అడుగును తినివేయును. నోటుపుస్తకములను గోడకు ఆనించి పెట్టకుడు; రేకుపెట్టెలో వేపాకు వేసి బల్లమీద నుంచుడు. వారమునకొకమారు ప్రతి పుటను ఫోనుతో ఫోటో తీసి, మిట్టప్రాంతమున నున్న చెల్లెలికో వదినకో పంపుడు. గోదావరి యొడ్డున నున్నవారు ఒక ప్రతిని తప్పక ఊరికి దూరముగా ఉంచవలెను. పంపునపుడు ఊరక పంపక, "చదివి ఎట్లున్నదో చెప్పుము" అని వ్రాయుడు.